పాత ట్రాక్టర్‌కు వాడిన లోడర్ బిగించవచ్చా? బకెట్ కంటే ముందు చూడవలసింది బరువు లెక్క

ట్రాలీ నిండా ఎర్రమట్టి ఎత్తాలంటే గంపలు, పారలతో నలుగురు మనుషులకు ఒక పూట పడుతుంది. ముందు భాగంలో లోడర్ బిగించిన ట్రాక్టర్ అదే పనిని అరగంటలో ముగిస్తుంది. కొత్త లోడర్ ధర భారంగా తోచినప్పుడు, ఇంట్లో ఉన్న పాత ట్రాక్టర్‌కే ఎవరో వాడి పక్కన పెట్టిన లోడర్‌ను కొని బిగించుకుంటే సరిపోదా అన్న ఆలోచన రావడం సహజం. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న ఖరిదా వంటి పేటలో ఈ ఆలోచనకు పైకి కనిపించే ఆటంకమేమీ లేదు. చుట్టూ ఎర్రనేల ఉంది. వెల్డింగ్, టర్నింగ్, ఫిట్టింగ్ తెలిసిన చేతులున్నాయి.

అయితే లోడర్‌ను బిగించగలగడం వేరు, బిగించిన తరువాత ఆ ట్రాక్టర్ ప్రమాదం లేకుండా పనిచేయడం వేరు. ముందు ఇరుసు ఎంత బరువు మోయగలదు, బకెట్ నిండినప్పుడు వెనుక చక్రాల మీద ఎంత బరువు మిగులుతుంది, హైడ్రాలిక్ పంపు ఎంత నూనె ఇవ్వగలదు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరకకుండా బేరానికి దిగితే, చవకగా వచ్చిన లోడర్ ట్రాక్టర్‌నే మింగేస్తుంది. ఒక్కోసారి దానిని నడిపే మనిషిని కూడా.

ఖరిదాలో ఈ ప్రశ్న ఎందుకు?

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర జిల్లాల నుంచి పనికోసం వచ్చిన తెలుగువారు ఇక్కడే స్థిరపడ్డారు. వారి సంఖ్య ఎంతగా పెరిగిందంటే, తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించింది. ఇనుముతో పని ఈ పట్టణంలో అనేక ఇళ్లకు వంశపారంపర్య విద్య వంటిది. 1951లో ప్రారంభమైన ఇక్కడి ఐఐటీలో వ్యవసాయ ఇంజినీరింగ్ విభాగం దశాబ్దాలుగా ఉంది. మట్టి తవ్వే భారీ యంత్రాలను తయారుచేసే టాటా హిటాచీ కర్మాగారం కూడా ఖరగ్‌పూర్‌లోనే ఉంది.

పట్టణం దాటగానే వరిపొలాలు, వాటి మధ్య గులకరాయి కలిసిన ఎర్రనేల. తెలంగాణ రైతు మొరం అని పిలిచే మట్టినే ఇక్కడి బెంగాలీ పొరుగువారు మోరాం అంటారు. ఆంధ్ర ప్రాంతంలో చాలామందికి అది గ్రావెల్. పేరేదైనా దాని బరువు మాత్రం ఒకటే, ఎత్తేవారి నడుముకు తెలిసిన బరువు.

ఖరగ్‌పూర్ నైపుణ్యం గురించి ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. రైల్వే వర్క్‌షాపులో ఏ భాగాన్ని ఎక్కడ కోయాలో, ఎక్కడ అతకాలో డ్రాయింగు చెబుతుంది. అతికిన దానిని తనిఖీ చేయడానికి మరొకరు ఉంటారు. బయట షెడ్డులో ట్రాక్టర్‌కు లోడర్ బిగించేటప్పుడు అదే మనిషి, అదే వెల్డింగ్ రాడ్డు ఉండవచ్చు గానీ డ్రాయింగు ఉండదు, తనిఖీ ఉండదు. చేతి పనితనం మీద ఉన్న నమ్మకమే ఈ పనిలో అసలు చిక్కు తెచ్చిపెడుతుంది.

జేసీబీ మొదలైంది ట్రాక్టర్ మీదనే

మట్టి ఎత్తే యంత్రం దేనినైనా మనవాళ్లు జేసీబీ అనే పిలుస్తారు. ఆ పేరు వెనుక ఉన్నవాడు జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్. 1945లో ఇంగ్లండులోని ఉటాక్సెటర్ అనే చిన్న ఊరిలో ఒక అద్దె గ్యారేజీలో ఆయన పని మొదలుపెట్టారు. 1940ల చివరలో ఆయన తయారుచేసిన తొలి హైడ్రాలిక్ లోడర్లు వ్యవసాయ ట్రాక్టర్లకు బిగించేవే. ముందు బకెట్, వెనుక తవ్వే చేయి కలిసిన యంత్రం 1953లో వచ్చింది. భారతదేశంలో ఆ యంత్రాల తయారీ 1979లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఆరంభమైంది.

కాబట్టి ట్రాక్టర్‌కు లోడర్ బిగించడం విపరీతమైన ఆలోచన కాదు. ఆ యంత్రజాతి పుట్టుకే అది. కాని నేటి జేసీబీని నిశితంగా చూస్తే దాని ముందు ఇరుసు, చట్రం, స్టీరింగు, బ్రేకులు అన్నీ బరువును ముందు మోయడానికి కొత్తగా రూపొందించినవేనని తెలుస్తుంది. వెనుకనున్న తవ్వే చేయి కూడా ముందు బకెట్‌కు ఎదురు బరువుగా నిలుస్తుంది. పాత ట్రాక్టర్‌లో ఇవేవీ లేవు.

పైగా ట్రాక్టర్ రూపకల్పన సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో సాగింది. వెనుక మూడు చోట్ల పనిముట్టును తగిలించే ఏర్పాటుకు, అది నేలలో ఎంత లోతుకు దిగాలో హైడ్రాలిక్కుల ద్వారా నియంత్రించే పద్ధతికి రూపమిచ్చినవాడు ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గ్యూసన్. నాగలి లాగుడును, దాని బరువును వెనుక చక్రాల మీదికి మళ్లించి వాటికి పట్టు పెంచడమే అందులోని కీలకం. నేడు మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లన్నింటిలోనూ ఆ సూత్రమే ఉంది. మోతంతా వెనుక, ముందు చక్రాలు దారి చూపడానికి. లోడర్ ఆ ఏర్పాటును తలకిందులు చేస్తుంది.

ఒకవైపే బరువున్న కావడి

కావడి మోసినవారికి ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు. రెండు వైపులా సమానంగా ఉంటే భుజం మీద నిలుస్తుంది. ఒక కుండ దించితే రెండవది నేలకు జారుతుంది. లోడర్ బిగించిన ట్రాక్టర్‌కు ముందు ఇరుసే ఆ భుజం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సుమారు 35 హార్స్ పవర్ పాత ట్రాక్టర్ బరువు 1,800 కిలోలు అనుకుందాం. అందులో ముందు ఇరుసు మీద 700, వెనుక ఇరుసు మీద 1,100 కిలోలు ఉన్నాయి. రెండు ఇరుసుల మధ్య దూరం 1.9 మీటర్లు. లోడర్ చట్రం, చేతులు, ఖాళీ బకెట్ కలిపి 400 కిలోలు, ఆ బరువు కేంద్రం ముందు ఇరుసుకు అర మీటరు ముందు ఉంది. బకెట్‌లోకి 500 కిలోల మట్టి వచ్చింది, అది ఇరుసుకు 1.4 మీటర్ల ముందు ఉంది.

అదనంగా చేరింది 900 కిలోలే. కాని ముందు ఇరుసు మీది బరువు 700 నుంచి దాదాపు 2,070 కిలోలకు చేరుతుంది. దాదాపు మూడు రెట్లు. వెనుక ఇరుసు మీద 1,100 ఉన్నది 630 కిలోలకు పడిపోతుంది. బకెట్‌లోని మట్టి తన బరువునే కాక, వెనుక చక్రాల మీది బరువును కూడా లాగి ముందు ఇరుసు మీద వేస్తుందన్న మాట. ఇది ట్రాక్టర్ కదలకుండా నిలిచి ఉన్నప్పటి లెక్క. గుంతలో పడినా, దిగుతున్న బకెట్‌ను ఒక్కసారిగా ఆపినా ఆ క్షణంలో ముందు ఇరుసుకు తగిలే దెబ్బ ఇంతకంటే చాలా ఎక్కువ.

బకెట్ పరిమాణాన్ని చూసి బరువును అంచనా వేయడం కూడా తరచు తప్పుతుంది. 300 లీటర్ల బకెట్‌ను తడి ఇసుకతో నింపితే 500 కిలోలు దాటుతుంది. అదే బకెట్‌లో మాగిన పశువుల ఎరువు అయితే అందులో సగం కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. వరిగడ్డి అయితే బరువు లెక్కలోకే రాదు. పెంటకుప్ప ఎత్తడానికని తెచ్చిన పెద్ద బకెట్‌ను ఇసుక రేవుకు తీసుకుపోయినప్పుడే ముందు ఇరుసు విరుగుతుంది.

విరిగే వరకు రాకపోయినా అరుగుదల ముందుగానే మొదలవుతుంది. పాత ట్రాక్టర్లకు సాధారణంగా 6.00-16 కొలత గల సన్నని ముందు టైర్లుంటాయి. వాటి పక్కభాగాన ముద్రించిన భార పరిమితిని చదివి, రెంటికీ కలిపి లెక్కించి, పై అంకెతో పోల్చి చూస్తే చాలామందికి అక్కడే జవాబు దొరుకుతుంది. ఆ తరువాతి వంతు హబ్ బేరింగులది, కింగ్ పిన్నులది, ఇరుసు మధ్యలోని ఊగుడు పిన్నుది. పవర్ స్టీరింగు లేని ట్రాక్టర్ అయితే నిండు బకెట్‌తో నిలిచినచోట చక్రం తిప్పడం మనిషి వల్ల అయ్యే పని కాదు. తిప్పినా స్టీరింగు పెట్టె పళ్లు తట్టుకోవు.

బ్రేకులు ఎక్కడున్నాయి?

ఈ విషయంలో ప్రాణాల మీదికి తెచ్చేది ముందు ఇరుసు కాదు, వెనుక చక్రాలు. మన సాధారణ ట్రాక్టర్లకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. ముందుకు తోసే శక్తీ వాటిదే, ఆపే శక్తీ వాటిదే. ఆ చక్రాల మీది బరువు 1,100 నుంచి 630 కిలోలకు తగ్గిందంటే నేలను పట్టుకునే శక్తి కూడా అదే నిష్పత్తిలో తగ్గిందని అర్థం. సమతలంలో ఇది చక్రాలు జారడంగా మాత్రమే కనిపిస్తుంది. చెరువు గట్టు నుంచో క్వారీ వాలు నుంచో నిండు బకెట్‌తో ముందుకు దిగేటప్పుడు మిగిలిన బరువు కూడా ముందుకు ఒరుగుతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుంటాయి గానీ ట్రాక్టర్ ఆగదు.

పక్కకు బోల్తా పడటంలో ఇంకొక మెలిక ఉంది. ట్రాక్టర్‌కు నాలుగు చక్రాలున్నా, ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద ఊగుతుంది. గతుకుల పొలంలో నాలుగు చక్రాలూ నేలను తాకుతూ ఉండడానికి ఈ ఏర్పాటు. దీనివల్ల నిలకడ విషయంలో ట్రాక్టర్ నాలుగు కాళ్ల మంచం వంటిది కాదు, మూడు కాళ్ల పీట వంటిది. రెండు వెనుక చక్రాలు రెండు కాళ్లు, ముందు పిన్ను మూడవ కాలు. బరువు ఎంత పైకి వెళితే పీట అంత సులువుగా పడుతుంది. బకెట్‌ను తల ఎత్తుకు లేపి మలుపు తిప్పినప్పుడు ఒక వెనుక చక్రం చిన్న గట్టు ఎక్కినా చాలు.

బోల్తా పడినప్పుడు డ్రైవరును కాపాడే ఇనుప చట్రాన్ని కొత్త ట్రాక్టర్లకు 1959లోనే తప్పనిసరి చేసిన దేశం స్వీడన్. మన పాత ట్రాక్టర్లలో అత్యధిక భాగానికి అది లేదు. ఉన్నవాటికి కూడా సీటు బెల్టు పెట్టుకుంటేనే ఫలితం. లోడర్ మీద ఖర్చు పెట్టదలచినవారు మొదటి ఖర్చుగా ఈ చట్రాన్ని, బెల్టును చూసుకోవడం మేలు.

వెనుక తగిలించే ఎదురు బరువు

పై ఉదాహరణలోని ట్రాక్టర్‌కే వెనుక మూడు చేతుల మీద 400 కిలోల కాంక్రీటు దిమ్మెనో, రాళ్లు నింపిన ఇనుప పెట్టెనో తగిలించి, దాని బరువు కేంద్రం వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనుక ఉండేలా చూస్తే లెక్క మారుతుంది. వెనుక ఇరుసు మీద 630 ఉన్నది దాదాపు 1,240 కిలోలకు పెరుగుతుంది. ముందు ఇరుసు మీద 2,070 ఉన్నది 1,860కి దిగుతుంది. వెనుక బరువు పెట్టి ముందు బరువు తగ్గించడం వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఏతాం తొక్కిన ఊళ్లవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

వెనుక టైర్లలో నీరు నింపడం, చక్రాలకు ఇనుప బిళ్లలు బిగించడం కూడా వాడుకలో ఉన్న పద్ధతులే. వాటివల్ల వెనుక పట్టు పెరుగుతుంది, బ్రేకు నిలుస్తుంది. కాని ఆ బరువు ఇరుసు మీదనే కూర్చుంటుంది కాబట్టి ముందు ఇరుసుకు ఒక్క కిలో కూడా ఉపశమనం కలగదు. ఈ తేడా తెలియక టైర్లలో నీరు నింపి ఊరుకునేవారు ఉన్నారు. వెనుకకు వేలాడే బరువే కావడికి రెండవ కుండ.

అయినా పై ఉదాహరణలో ముందు ఇరుసు మీద 1,860 కిలోలు మిగిలే ఉన్నాయని గమనించాలి. ఖాళీ ట్రాక్టర్‌తో పోలిస్తే ఇది రెండున్నర రెట్లకు పైనే. ఎదురు బరువు ట్రాక్టర్‌ను నిలబెడుతుంది గానీ ముందు ఇరుసును బలంగా మార్చదు. బకెట్‌ను చిన్నదిగా ఎంచుకోవడం ఒక్కటే దానికి మందు.

ట్రాక్టర్‌కు చట్రం ఉండదు

లారీకి పొడవాటి ఇనుప చట్రం ఉంటుంది, ఇంజను దాని మీద కూర్చుంటుంది. వ్యవసాయ ట్రాక్టర్లలో చాలావాటికి అలాంటి చట్రం లేదు. ఇంజను, క్లచ్ పెట్టె, గేరుపెట్టె, వెనుక ఇరుసు పెట్టె ఒకదానికొకటి బోల్టులతో బిగుసుకుని అవే వెన్నెముకగా పనిచేస్తాయి. ఈ పెట్టెలు పోత ఇనుముతో చేసినవి. పోత ఇనుము నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడునూ వంపునూ తట్టుకోదు.

లోడర్‌ను ముందు బంపరు దగ్గర, ఇంజను పక్కన మాత్రమే బిగిస్తే బకెట్ ఎత్తిన ప్రతిసారీ ఇంజనుకూ క్లచ్ పెట్టెకూ మధ్యనున్న అతుకు వంగబోతుంది. మొదట అక్కడి బోల్టులు వదులవుతాయి, తరువాత నూనె చెమ్మ కనిపిస్తుంది, చివరకు పెట్టె పగులుతుంది. ట్రాక్టర్ రెండుగా చీలడం అంటే ఇదే. అందుకే సరైన లోడర్ చట్రం ముందు నుంచి మొదలై ఇరువైపులా పొడవుగా సాగి వెనుక ఇరుసు గొట్టాల వరకు వెళ్లి అక్కడ బిగుస్తుంది. బరువును వెన్నెముక పక్కనుంచి దాటించడం దీని ఉద్దేశం.

ఈ చట్రాలు ఏ మోడల్‌కు ఆ మోడల్‌గా తయారవుతాయి. స్వరాజ్‌కు చేసినది మహీంద్రాకు సరిపడదు. (తొలి స్వరాజ్ నమూనాను రూపొందించినది ఇదే రాష్ట్రంలోని దుర్గాపూర్ కేంద్ర మెకానికల్ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ అన్నది పక్క ముచ్చట.) వాడిన లోడర్ ఏ ట్రాక్టర్ నుంచి విప్పారో అదే మోడల్‌కు బిగిస్తే పని సగం తగ్గుతుంది. లేనప్పుడు చట్రాన్ని కొత్తగా చేయించాలి. అప్పుడు పాటించవలసిన నియమం ఒక్కటే. ట్రాక్టర్ పోత పెట్టెలకు వెల్డింగు చేయరాదు, కొత్త రంధ్రాలు వేయరాదు. తయారీదారు ఇచ్చిన బోల్టు రంధ్రాలనే వాడుకోవాలి. వెల్డింగు వేడికి పోత ఇనుము అతుకు పక్కనే పెళుసుబారి, నెలల తరువాత పగులుతుంది. ఖరగ్‌పూర్ పాత ఫిట్టర్లకు ఇది చెప్పనక్కరలేదు. తొందరపెట్టే యజమానికి చెప్పాలి.

పంపు ఎంత నూనె ఇస్తుంది?

హైడ్రాలిక్కులలో శక్తినిచ్చేది పీడనం, వేగాన్నిచ్చేది నూనె పరిమాణం. ఈ రెంటినీ కలగలిపి మాట్లాడడం వల్లనే గందరగోళం వస్తుంది. 63 మిల్లీమీటర్ల వ్యాసం, అర మీటరు కదలిక గల రెండు సిలిండర్లు చేతులను పైకెత్తాలంటే వాటిలోకి సుమారు 3.1 లీటర్ల నూనె పోవాలి. నిమిషానికి 30 లీటర్లు ఇచ్చే పంపుతో 6 సెకన్లు చాలు. 15 లీటర్లే ఇచ్చే పాత పంపుతో 12 సెకన్లకు పైగా పడుతుంది. పంపు అరిగి ఉంటే ఇంకా ఎక్కువ. పీడనం సరిపోతే బకెట్ ఎలాగూ లేస్తుంది. కాని రోజంతా పనిచేసేవారికి ఆ తేడా డీజిల్‌లో, ఓపికలో కనిపిస్తుంది.

పాత ట్రాక్టర్లలో పంపు ఒకే పనికోసం పెట్టినది. వెనుక చేతులను పైకెత్తితే చాలు, కిందికి అవి తమ బరువుతోనే దిగుతాయి. లోడర్ బకెట్‌కు రెండు దిక్కులా బలం కావాలి. కాబట్టి రెండు దిక్కులా పనిచేసే సిలిండర్లు, రెండు మీటలున్న ప్రత్యేక వాల్వు అవసరం. ఆ వాల్వును వెనుక లిఫ్ట్‌కు పోయే గొట్టం మధ్యలో కలిపేటప్పుడు, మిగిలిన నూనెను ముందుకు పంపే దారి, ట్యాంకుకు తిరిగి పోయే దారి వేర్వేరుగా ఉన్న వాల్వునే వాడాలి. లేకపోతే వెనుక లిఫ్ట్ పనిచేయదు, లేదా వాల్వు పెట్టె పీడనానికి పగులుతుంది. పీడనం హద్దు మీరినప్పుడు తెరుచుకునే రక్షక వాల్వు లేని ఏర్పాటును ఒప్పుకోనే కూడదు.

ఫెర్గ్యూసన్ పద్ధతిలో వచ్చిన పాత మ్యాసీ ట్రాక్టర్లకు మరి రెండు పరిమితులున్నాయి. పంపు గేరుపెట్టె వెనుక భాగంలో నూనెలో మునిగి ఉంటుంది, వెనుక పీటీవో షాఫ్టుతో పాటే తిరుగుతుంది. ఒకే దశ క్లచ్ ఉన్నవాటిలో క్లచ్ తొక్కగానే పంపు ఆగి బకెట్ కదలిక నిలిచిపోతుంది. రెండవది, గేర్లకూ హైడ్రాలిక్కులకూ నూనె ఒక్కటే. ఎక్కడో ఏళ్లతరబడి ఎండకూ వానకూ పడి ఉన్న సిలిండర్లను విప్పి కడగకుండా కలిపితే వాటిలోని తుప్పు, ఇసుక నేరుగా గేరుపెట్టెలోకి చేరుతుంది. లోడర్ చవక, గేరుపెట్టె చవక కాదు.

ఈ చిక్కులన్నింటికీ మెరుగైన విరుగుడు, ఇంజను ముందు పుల్లీ నుంచో వెనుక పీటీవో నుంచో తిరిగే వేరే గేరు పంపు, దానికి సొంత ట్యాంకు, ఫిల్టరు. ఖర్చు పెరుగుతుంది. కాని ట్రాక్టర్ సొంత వ్యవస్థను ముట్టుకోనక్కరలేదు.

కొనేముందు పట్టి చూడవలసినవి

వాడిన లోడర్‌కు కొత్త రంగు వేసి ఉంటే అనుమానంతో చూడాలి. పగుళ్లను, పాత అతుకులను రంగు దాచినంతగా మరేదీ దాచదు. చేతులు కలిసే మూలల వద్ద, సిలిండరు కొక్కేల వద్ద తీగబ్రష్‌తో గీకి చూడాలి. బకెట్‌ను సమమైన గచ్చు మీద దించితే అంచు పొడవునా నేలను తాకాలి. ఒక మూల లేచి ఉంటే చేతులు మెలితిరిగాయని అర్థం, వాటిని సరిచేయడం దాదాపు జరగని పని. పిన్నులు, బుష్‌లు అరిగి ఉండడం మాత్రం భయపడవలసినది కాదు. టర్నింగ్ తెలిసిన ఊరిలో అది ఒక రోజు పని. రంధ్రమే కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటే బేరం తగ్గించాలి.

సిలిండరు కడ్డీ మీది మెరుపు పూత లేచి గుంటలు పడితే ఎన్ని సీళ్లు మార్చినా నూనె కారుతూనే ఉంటుంది. వీలుంటే బకెట్‌లో బరువు ఉంచి, ఛాతీ ఎత్తుకు లేపి, ఇంజను ఆపి పది నిమిషాలు చూడాలి. ఆ సమయంలో ఎవరూ దాని కిందికి గానీ పక్కకు గానీ పోకూడదు. బకెట్ కళ్లముందే దిగిపోతుంటే సీళ్లో వాల్వో పోయినట్లే. రబ్బరు గొట్టాల సంగతి చర్చే లేదు, అన్నీ కొత్తవి వేయించాలి.

ఆ గొట్టాల గురించి ఒక హెచ్చరిక. సూదిమొనంత రంధ్రం నుంచి చిమ్మే అధిక పీడన నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్క గాయంలా ఉంటుంది, నొప్పి కూడా మొదట తక్కువే. గంటల్లో శస్త్రచికిత్స జరగకపోతే వేలు, కొన్నిసార్లు చేయి పోతుంది. కారుతున్న చోటును చేతితో తడిమి వెతకరాదు, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. ఇంజను ఆపి, బకెట్ నేలకు దించి, మీటలను అటూ ఇటూ కదిపి పీడనం పోయాకనే గొట్టం విప్పాలి.

నడిపేటప్పుడు బకెట్ మోకాలి ఎత్తుకు మించకూడదు. పైకెత్తడం ట్రాలీ పక్కకు చేరాకనే. నిండు బకెట్‌తో వాలు దిగవలసి వస్తే వెనుకకు నడుపుతూ దిగాలి, అప్పుడు బరువు ఎగువ వైపున ఉంటుంది. లేపిన బకెట్‌కు విద్యుత్ తీగలు అందుతాయన్నది పందిళ్లు వేసే రోజుల్లో ఎవరికీ గుర్తుండదు. దీపాలు కట్టడానికి బకెట్‌లో మనిషిని నిలబెట్టి లేపడం అన్నింటికంటే చెడ్డ అలవాటు. ఒక గొట్టం తెగితే ఆ మనిషిని ఆపేది ఏదీ లేదు.

చట్టం ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వ్యవసాయ ట్రాక్టర్ అంటే పొలం పనులకు తగిన పనిముట్లతో, లేదా వ్యవసాయ సరుకు మోసే ట్రైలరుతో పనిచేయడానికి రూపొందించిన వాహనం. నిర్మాణ యంత్రాలది వేరే తరగతి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదంటోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది.

బోల్టులు విప్పితే ఊడివచ్చే పనిముట్టుకూ, ట్రాక్టర్ రూపాన్నే శాశ్వతంగా మార్చే ఏర్పాటుకూ తేడా ఉంది. సొంత పొలంలో ఎరువు ఎత్తుకోవడానికీ, కాంట్రాక్టుకు ఇసుక, మొరం ఎత్తడానికీ కూడా తేడా ఉంది. ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ అడిగే ప్రశ్నలు ఈ రెంటి చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి బిగించక ముందే ప్రాంతీయ రవాణా కార్యాలయాన్ని సంప్రదించడం, బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలిపి జవాబు తీసుకుని దాచుకోవడం అవసరం.

అందరికీ అవసరమేనా?

నెలలో కొద్ది గంటల పనే ఉన్నవారికి జేసీబీని గంటల లెక్కన అద్దెకు తెచ్చుకోవడమే లాభం. మట్టిని ఎత్తనక్కరలేకుండా నెట్టి చదును చేస్తే చాలనుకునేవారికి వెనుక తగిలించే బ్లేడు సరిపోతుంది; బరువు ట్రాక్టర్ రూపకర్త ఉద్దేశించిన చోటనే ఉంటుంది. రోజూ పశువుల కొట్టం శుభ్రం చేసేవారికి, ఎరువు, గడ్డి ఎత్తేవారికి చిన్న బకెట్‌తో లోడర్ నిజంగా అక్కరకు వస్తుంది. పాత ట్రాక్టర్ మీద రోజంతా ఇసుక, మొరం ఎత్తే వ్యాపారం చేయాలనుకునేవారికి మాత్రం అది తగిన యంత్రం కాదు.

నిర్ణయానికి కావలసిన అంకెలు దొరకనివేమీ కావు. మధ్యప్రదేశ్‌లోని బుధ్ని, అనంతపురం జిల్లాలోని గార్లదిన్నె కేంద్ర ప్రభుత్వ సంస్థలు ట్రాక్టర్లను పరీక్షించి ఇచ్చే నివేదికలలో ఇరుసుల మీది బరువు, పంపు సామర్థ్యం, టైర్ల వివరాలు మోడల్ వారీగా ఉంటాయి. సొంత ట్రాక్టర్ సంగతి తేల్చుకోవడానికి లారీలు తూచే కాటా చాలు. ముందు చక్రాలను మాత్రం కాటా మీదికి ఎక్కించి ఒకసారి, వెనుక చక్రాలను మాత్రం ఎక్కించి ఒకసారి తూచాలి. లోడర్ బిగించాక నిండు బకెట్‌ను నేలకు జానెడు ఎత్తున ఉంచి మళ్లీ అలాగే తూచాలి. వెనుక దిమ్మె తగిలించి మూడవసారి. ముందు చక్రాల చీటీలోని అంకె టైర్ల మీది పరిమితిని దాటితే బకెట్‌ను కోసి చిన్నది చేయించాలి, లేదా లోడర్‌ను తిరిగి ఇచ్చేయాలి.